రాళ్లు చదివిన బ్లాన్‌ఫర్డ్, భద్రాచలం దగ్గర కనిపించిన కలివికోడి

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారి మన పిల్లలకు కొత్త కాదు. రాములవారి దర్శనానికో, పాపికొండల పడవ ప్రయాణానికో ఏడాదికి ఒకసారైనా ఆ దారిన వెళ్తూనే ఉంటాం. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకు టేకు చెట్లు, తునికి పొదలు, బొగ్గు లారీలు కనిపిస్తాయి. అడవి, బొగ్గు. ఈ రెంటికీ సంబంధం ఏమిటని మీ పిల్లలు ఎప్పుడైనా అడిగారా?

ఆ సంబంధాన్ని జీవితమంతా వెతికిన శాస్త్రవేత్త ఒకరు 1871 ప్రాంతంలో ఈ గోదావరి ఒడ్డునే తిరిగారు. ఆయన పేరు విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్. వృత్తి రాళ్లను పరిశీలించడం, మక్కువ జంతువుల మీద. మన దేశపు జంతువుల మీద, పక్షుల మీద పుస్తకాలు రాసిన ప్రతివారూ ఆయన పేరు తలుచుకోక తప్పదు. భద్రాచలం దగ్గర ఆయన చూసి రాసిపెట్టిన ఒక పక్షి మాత్రం ఇప్పుడు మన వైపు కనిపించదు. ఈ నెల ఆయన జీవిత కథ చదువుదాం.

వ్యాపారం వదిలి గనుల బడికి

బ్లాన్‌ఫర్డ్ 1832 అక్టోబరు 7న లండన్‌లో పుట్టారు. తండ్రికి చెక్కడం పనులు, బంగారు పూత పనులు చేసే కార్ఖానా ఉండేది. చదువు కొంత ఇంగ్లండులో, కొంత పారిస్‌లో సాగింది. కొడుకు వ్యాపారంలో స్థిరపడాలన్న ఆలోచనతో ఇంట్లోవాళ్లు ఆయన్ను ఇటలీలోని ఒక వర్తక సంస్థకు పంపారు. అక్కడ రెండేళ్లు పనిచేశారు. తిరిగి వచ్చి కొంతకాలం తండ్రికి సాయంగా ఉన్నారు.

అప్పుడే లండన్‌లో గనుల విద్య నేర్పే ప్రభుత్వ కళాశాల కొత్తగా మొదలైంది. 1852లో విలియం అందులో చేరారు. తమ్ముడు హెన్రీ కూడా అక్కడే చదివాడు. విలియం చదువులో బాగా రాణించి స్కాలర్‌షిప్ సంపాదించారు. తర్వాత జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో చదివారు. అప్పటికి ఇండియాలో జియలాజికల్ సర్వే కొత్త సంస్థ. అందులో అన్నదమ్ములిద్దరికీ ఉద్యోగాలు దొరికాయి. 1855లో ఇద్దరూ కలకత్తాలో దిగారు. విలియం వయసు అప్పటికి ఇంకా 23 నిండలేదు.

ఇటలీలో ఆ రెండేళ్లు వృథా అయ్యాయని అప్పట్లో ఎవరైనా అనుకుని ఉండవచ్చు. పిల్లవాడి మనసు ఎటు లాగుతోందో తెలియడానికి ఒక్కోసారి అంత సమయం పడుతుంది.

వేడి నేల మీద మంచు జాడ

అన్నదమ్ములకు అప్పగించిన మొదటి పని ఒరిస్సాలోని టాల్చిర్ బొగ్గు క్షేత్రం సర్వే. బ్రిటిష్ ప్రభుత్వానికి కావలసింది రైళ్లకూ స్టీమర్లకూ బొగ్గు. అక్కడ బొగ్గు పొరల అడుగున బ్లాన్‌ఫర్డ్‌లకు ఒక వింత కనిపించింది. సన్నటి బురద గట్టిపడి తయారైన మెత్తని రాయి. దాని మధ్యలో అక్కడక్కడా పెద్ద పెద్ద గుండ్రాళ్లు.

సన్నటి బురద నిలకడ నీళ్లలోనే పేరుకుంటుంది. నిలకడ నీళ్లు అంత పెద్ద బండలను మోసుకురాలేవు. బండలను దొర్లించే వరద అయితే సన్నటి బురదను అక్కడ నిలవనివ్వదు. మరి రెండూ ఒకేచోట ఎలా చేరాయి? బండలను మోసుకొచ్చింది మంచు అయి ఉండాలని వాళ్లు 1856లోనే చెప్పారు. నీటి మీద తేలుతూ వచ్చిన మంచుగడ్డ కరిగినచోట, అందులో ఇరుక్కున్న రాయి అడుగున బురదలోకి జారిపోతుంది. మే నెల ఎండలో అరికాళ్లు కాలిపోయే ఒరిస్సాలో ఒకప్పుడు మంచు ఉండేదంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు. తర్వాత 1870ల్లో గోదావరి ఎగువన చాందా దగ్గర, అంటే ఇప్పటి చంద్రపూర్ వైపు, మంచు ఒరిసి గీతలు పెట్టిన రాళ్లు బయటపడ్డాయి. ఆ మాట నిలబడింది.

ఈ కథ మనకు దూరపుది కాదు. టాల్చిర్ పేరు పెట్టిన ఆ పొరలే మన గోదావరి లోయలోనూ బొగ్గు పొరల కింద ఉన్నాయి. వాటి వయసు సుమారు 30 కోట్ల ఏళ్లు. అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. ఖండాలు కదులుతాయన్న సంగతి శాస్త్రం ఒప్పుకునేసరికి బ్లాన్‌ఫర్డ్ కాలం చేసి చాలా ఏళ్లయింది.

మంచు తగ్గాక చిత్తడి నేలల్లో గ్లోసాప్టెరిస్ అనే చెట్ల అడవులు పెరిగాయి. నాలుక ఆకారంలో ఉండే ఆకులు వాటి గుర్తు. ఆ ఆకులు కుప్పలుగా రాలి, మట్టిలో కూరుకుపోయి, కోట్ల ఏళ్లకు బొగ్గుగా మారాయి. 1871లో సర్వేకు చెందిన విలియం కింగ్ ఎల్లందు దగ్గర గుర్తించిన సింగరేణి బొగ్గు అలా వచ్చిందే. లారీలో వెళ్తున్న ఆ నల్లటి రాయి ఒకప్పటి అడవే. వాతావరణం మారినప్పుడు ఆ చెట్లు పోయాయి, వాటి చోట వేరే చెట్లు వచ్చాయి. మార్పు ప్రకృతికి కొత్త కాదు. ఎంత వ్యవధిలో మారిందన్నదే అసలు ప్రశ్న.

దుమ్ముగూడెం దారిలో

ఒరిస్సా తర్వాత బ్లాన్‌ఫర్డ్ రాణిగంజ్ బొగ్గు క్షేత్రం, బర్మా, నర్మదా తపతీ లోయలు, దక్కను నల్లరాతి పీఠభూమి తిరిగారు. 1867లో బ్రిటిష్ సైన్యంతో పాటు అబిసీనియాకు, అంటే ఇప్పటి ఇథియోపియాకు వెళ్లారు. పగలు రాళ్లు చూస్తూ, దారిలో కనిపించిన జంతువులనూ పక్షులనూ నమోదు చేసేవారు. ఆ రోజుల పద్ధతి ప్రకారం నమూనా కోసం పక్షిని కాల్చడమూ అందులో భాగమే. ఇవాళ మనం దాన్ని మెచ్చుకోలేం. ఆనాడు ఎక్కడ ఏ జీవి ఉండేదో మనకు తెలిసింది మాత్రం చాలావరకు ఆ రాతల వల్లనే.

తర్వాత ఆయన పని గోదావరి లోయకు మారింది. అప్పుడు భద్రాచలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండేది. దాని కేంద్రం సిరొంచ. ఏటికి ఇవతల ఖమ్మం వైపు నైజాం రాజ్యం. గోదావరిలో పడవల రాకపోకలకు అడ్డంగా ఉన్న బండల వరసల్లో మొదటిది దుమ్ముగూడెం దగ్గరిది. అక్కడి ఇసుకరాళ్లను, అక్కడి నుంచి ఏలూరు, రాజమహేంద్రవరం వైపు సాగే పొరలను పరిశీలించి, ఆ దిశగా బొగ్గు దొరికే అవకాశం ఎంతవరకు ఉందో బ్లాన్‌ఫర్డ్ రాశారు. ఆ వ్యాసాలు 1871లో సర్వే పత్రికలో అచ్చయ్యాయి.

బొగ్గు వెతుకుతూ తిరిగిన ఈ లోయలోనే, సిరొంచ దగ్గరా భద్రాచలం దగ్గరా, ఆయన ఒక అరుదైన పక్షిని చూశారు. మనవాళ్లు దాన్ని కలివికోడి అంటారు. థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడు దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేయగా, 1848లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. అందుకే ఇంగ్లిషు పేరులో జెర్డాన్ ఉంటాడు. గోధుమ రంగు ఒళ్లు, పొడుగాటి కాళ్లు, ఛాతీ మీద హారాల్లా రెండు పట్టీలు. పగలంతా పొదల నీడన కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక నేల మీద పరుగులు తీస్తూ పురుగులు, చెదలు ఏరుకు తింటుంది. ప్రపంచంలో మన తూర్పు కనుమల చుట్టుపక్కల తప్ప ఇది ఎక్కడా లేదు.

ఈ పక్షిలో ఇంకో విశేషం ఉంది. దీనికి దగ్గరి చుట్టాలైన పక్షులన్నీ ఆఫ్రికాలో ఉన్నాయి. అబిసీనియా చూసి వచ్చిన బ్లాన్‌ఫర్డ్‌కు ఇలాంటి పోలికలు బాగా పట్టాయి. మన దక్షిణాది జంతువుల్లో ఆఫ్రికా సంబంధం అనుకున్నదానికన్నా ఎక్కువని 1876లో ఒక వ్యాసంలో వాదించారు. పరిణామ సిద్ధాంతంలో డార్విన్‌తో సమానంగా పేరున్న వాలెస్‌తో ఆ విషయంలో ఆయన విభేదించారు. పెద్దవారితో విభేదించడానికి ఆయన దగ్గర ఉన్న బలమల్లా తాను స్వయంగా నడిచి, చూసి రాసుకున్నదే.

కొండలెక్కిన మొక్కలు

బ్లాన్‌ఫర్డ్‌ను చాలాకాలం వెంటాడిన ప్రశ్న మరొకటి ఉంది. చల్లని హిమాలయాల్లో ఉండే కొన్ని మొక్కల, జంతువుల దగ్గరి బంధువులు ఎక్కడో దక్షిణాన నీలగిరుల మీద, సింహళం కొండల మీద ఉన్నాయి. ఎర్రటి పూల రోడోడెండ్రాన్ చెట్టు అందుకు మంచి ఉదాహరణ. మధ్యలో ఉన్న వేడి మైదానాల్లో అవి లేవు. మరి ఇంత దూరం ఎలా వచ్చాయి?

ఒకప్పుడు భూమి చల్లబడినప్పుడు హిమాలయాల జీవులు మైదానాల్లోకి దిగి దక్షిణానికి వ్యాపించి ఉంటాయని ఆయన ఊహించారు. మళ్లీ వేడెక్కినప్పుడు మైదానంలో ఉన్నవి నశించాయి. దగ్గర్లో ఎత్తైన కొండలు దొరికినవి పైకి ఎక్కి మిగిలాయి. 1901లో వచ్చిన ఆయన పెద్ద వ్యాసంలో ఈ వాదన వివరంగా ఉంది. ఏ దారిన వచ్చాయన్నదాని మీద తర్వాతి శాస్త్రవేత్తలు వేరే వివరణలూ ఇచ్చారు. వాతావరణం మారితే జీవులు చోటు మారతాయన్న మూల విషయం మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది.

పిల్లలకు బడిలో అనుకూలన పాఠం చెప్తారు. ఒంటె మూపురం, చేప మొప్పలు బొమ్మలు గీయిస్తారు. మన అడవిలోనే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణలున్నాయి. టేకు చెట్టుకు వెడల్పాటి ఆకులు. వాటిలోంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది. అందుకే పొడి కాలంలో ఆకులు రాల్చేసి నీటిని కాపాడుకుంటుంది. ఇప్పచెట్టు ఆకులు రాల్చి, ఎండాకాలం మొదట్లో పూస్తుంది. కలివికోడి ఒంటి రంగు ఎండుగడ్డిలో, ఎర్రమట్టిలో కలిసిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంటాం. జంతువు కావాలనుకుని మారుతుందన్నట్టు పిల్లలకు చెప్తాం. ఏ ఒక్క పక్షీ తన రంగు మార్చుకోలేదు. నేల రంగుకు దగ్గరగా పుట్టినవి శత్రువు కంటపడకుండా బతికి ఎక్కువ పిల్లల్ని పెట్టాయి. మిగతావి తగ్గిపోయాయి. ఇలా తరాలు గడిస్తేనే ఒక జాతి మారుతుంది. అంటే మార్పు ఎదురైన జాతికి రెండే ఆధారాలు: కాలం చాలినంత ఉండాలి, లేదా వెళ్లడానికి వేరే చోటు ఉండాలి.

లెక్క పుస్తకాలు

1872లో బ్లాన్‌ఫర్డ్ పర్షియా సరిహద్దు సంఘంతో ఎడారులు దాటారు. అక్కడి జంతువుల మీద పుస్తకం రాశారు. ఆ వైపు రాతికొండల్లో తిరిగే ఒక చిన్న నక్కకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. 1879లో మెడ్లికాట్‌తో కలిసి భారతదేశ భూగర్భ శాస్త్రం మీద సమగ్ర గ్రంథం తెచ్చారు. తమ్ముడు హెన్రీ మన వాతావరణ శాఖకు తొలి అధిపతి అయ్యాడు. హిమాలయాల మీద మంచు ఎక్కువ కురిసిన ఏడాది మన వానలు తగ్గుతాయని 1884లో చెప్పినవాడు ఆయనే. అన్న పాత వాతావరణాన్ని రాళ్లలో చదివితే, తమ్ముడు వచ్చే వాతావరణాన్ని మంచులో చదివాడు.

1882లో ఉద్యోగ విరమణ చేసి బ్లాన్‌ఫర్డ్ లండన్ చేరారు. మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నారు, ముగ్గురు పిల్లలు కలిగారు. బ్రిటిష్ ఇండియా జంతువులన్నిటికీ ఒక పుస్తకమాల ఉండాలని డార్విన్, హుకర్ వంటివారు ప్రభుత్వానికి విజ్ఞప్తి చేయగా, దాని సంపాదకత్వం బ్లాన్‌ఫర్డ్‌కు అప్పగించారు. క్షీరదాల సంపుటం 1888 నుంచి 1891 మధ్య స్వయంగా రాశారు. పక్షుల సంపుటాలు రాస్తున్న ఓట్స్ సగంలో బర్మాకు వెళ్లాల్సి రావడంతో, మిగిలిన రెండూ తానే రాసి 1898కి పూర్తిచేశారు. 1901లో రాయల్ సొసైటీ ఆయనకు రాయల్ మెడల్ ఇచ్చింది. 1905 జూన్ 23న లండన్‌లో కన్నుమూశారు.

ఆ సంపుటాలు ఇప్పుడు చదివితే మనసు కలుక్కుమంటుంది. ఒక్కో జీవి పేరు కింద అది ఎక్కడెక్కడ ఉండేదో రాసి ఉంటుంది. దక్కనులో చీతా తిరిగేదని ఉంటుంది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చి కూనోలో వదలాల్సి వచ్చింది. ఆనాడు మధ్య భారతంలో గోదావరి, ప్రాణహిత ఒడ్ల దాకా ఉన్న అడవి గేదెలు ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో కొద్దిచోట్ల, సిరొంచ వైపు కొలమార్కలో మాత్రమే మిగిలాయి.

కలివికోడి ఏమైంది?

1900లో అనంతపురం వైపు కనిపించాక కలివికోడి ఆచూకీ లేదు. ఎందరో వెతికారు. అంతరించిపోయిందనే నిర్ణయానికి వచ్చారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో దాని బొమ్మ చూపిస్తూ తిరిగారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర స్థానికుడొకరి సాయంతో ఆ పక్షి దొరికింది. శాస్త్రం 86 ఏళ్లు పోగొట్టుకున్న పక్షిని, దాని పేరుతో సహా, అడవి అంచు మనుషులు గుర్తుపట్టారు. దాని కోసమే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా దాని కోసం మార్చారు.

1986 తర్వాత నిర్ధారణగా కనిపించినదంతా కడప చుట్టుపక్కలే. మన భద్రాచలం వైపు అది మళ్లీ నమోదు కాలేదు.

కారణం దాని అనుకూలనలోనే ఉంది. దానికి దట్టమైన అడవి పనికిరాదు, పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండదు. చదును చేసిన చేను పనికిరాదు, దాక్కోవడానికి పొద ఉండదు. పలచగా ముళ్లపొదలు, మధ్యమధ్య ఖాళీ నేల ఉన్న చిట్టడవే కావాలి. మన దృష్టిలో అది పనికిమాలిన బీడు. సాగుకు, రాళ్ల క్వారీకి, రోడ్డుకు, యూకలిప్టస్ తోటకు ముందుగా పోయేది అదే. వేల ఏళ్లు ఆ నేలకు తగ్గట్టు మలచుకున్న పక్షికి అది పదేళ్లలో మాయమైతే వెళ్లేచోటు లేదు. నీలగిరుల మొక్కలకు ఎక్కడానికి కొండ దొరికింది. దీనికి దొరకలేదు.

మన అడవికి ఇంకా సంపద మిగిలే ఉంది. పాల్వంచ పక్కన కిన్నెరసాని అభయారణ్యం ఉంది. గోదావరి దిగువన పాపికొండలను 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అక్కడి అడవిదున్నలను చూసే ఆ కొండలకు ఇంగ్లిషువారు బైసన్ కొండలని పేరు పెట్టారు. ఒక అడవికీ ఇంకో అడవికీ మధ్య దారి తెగకుండా ఉంటేనే ఇవి నిలుస్తాయి. వాతావరణం వేగంగా వేడెక్కుతున్న ఈ కాలంలో ఆ దారులే వాటికి ప్రాణం.

ఈ నెల పిల్లలతో

బ్లాన్‌ఫర్డ్ చేసినదాంట్లో మన పిల్లలు ఇవాళే మొదలుపెట్టగలిగింది ఒకటి ఉంది. చూసినదాన్ని చోటు, తేదీతో సహా రాయడం. ఈసారి భద్రాచలం వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఆకులు రాల్చిన చెట్లేవి, పూసినవేవి, ఏ పిట్ట ఎక్కడ కనిపించింది, ఇవి చాలు. పేరు తెలియకపోతే బొమ్మ గీయమనండి. ఊళ్లో తాతయ్యనో అమ్మమ్మనో, దారిలో ఇప్పపూలు అమ్మే కోయ అవ్వనో అడిగి పేరు రాయించండి. ఇదివరకు ఉండి ఇప్పుడు కనిపించనివేమిటో కూడా అడగమనండి. ఆ జాబితాకు వేరే పేజీ పెట్టించండి.

ఒక మనిషి బొగ్గు పని మీద వచ్చి, దారిలో కనిపించిన పిట్టను తీరిక చేసుకుని రాసిపెట్టాడు. ఆయన రాయకపోతే, కలివికోడి ఒకప్పుడు మన భద్రాచలం పక్కనా ఉండేదన్న సంగతే మనకు తెలిసేది కాదు. పోయిందని కూడా తెలిసేది కాదు.